ఊకొట్టని శ్రోత

నెల్లూరు సీమకు పడమట, పెన్న దాపున నున్న చేజర్ల ప్రాంతములో, ప్రొద్దు గూకిన పిమ్మట అరుగులమీద సాగు మాటలను శ్రద్ధతో ఆలకించినవారికి ఒక సంగతి తప్పక తోచును: అచ్చట చెప్పువాడొక్కడే మాటలాడడు, వినువాడును మాటలాడుచునే యుండును. రెండు మూడు పలుకుల కొకసారి అతడు 'ఊఁ' అనును. సంగతి మలుపు తిరిగినచోట 'ఆఁ?' అనును, పేరు సరిగా వినబడనిచో 'ఎవురూ?' అని అడుగును. ఈ ఊకొట్టుట మనకు ఎంత అలవాటనగా, రాత్రివేళ కథ చెప్పు తాత, మనుమడు ఊకొట్టుట మానిన క్షణముననే వాడు నిద్రపోయెనని గ్రహించి కథను నిలిపివేయును. చెప్పువాని నోటికి బలము వినువాని యూకొట్టుటలో నున్నది. మనుష్యుని మాటను గుర్తించి, అక్షరములుగా మార్చి, తిరిగి మాటలాడు యంత్రసహాయకులను గూర్చి వ్రాయ బూనిన నాకు మొట్టమొదట స్ఫురించినది ఈ చిన్న శబ్దమే.

గడచిన వరికోతలు ముగిసి, ఎండలు ఇంకను ముదరని దినములలో, మా పెద్దమ్మ యింట రెండు నాళ్లుంటిని. ఆమెకు డెబ్బదియేండ్లు పైబడినవి, అక్షరములు రావు, కాని యే కయ్యలో ఏ మూల నీరు నిలుచునో, ఏ గాలి తిరిగిన వాన వచ్చునో ఆమెకు తెలిసినంతగా ఆ చుట్టుప్రక్కల మరియొకరికి తెలియదు. దూరముననున్న కుమారుడు కొనియిచ్చిన ఫోను ఆమెవద్ద కలదు. అందులో సంభాషణ చేయు సహాయకి యొకటి యున్నదనియు, మైకు బొమ్మను తాకి అడిగినచో తెలుగులోనే బదులు చెప్పుననియు నేననగా ఆమె మొదట నమ్మలేదు.

"ఒరే అబ్బయా, నా మాట దీనికి ఇనబడతాదా?"

"ఇనబడతాది పెద్దమ్మా. మాతో ఎట్టా మాట్లాడతావో అట్టనే మాట్లాడు."

ఆమె కొంగు సవరించుకొని, ఫోనును రెండు చేతులతో పట్టుకొని, ఊరి పెద్దలయెదుట మాటలాడునప్పటి గొంతుతో ఆరంభించినది: "వరి కోసిన కయ్యలో ఇంకా పదునుండాది..." అని, నిలిచినది.

ఆ నిలుపుదల రెండు సెకన్లకు మించదు. ఎదుట మనిషి యున్నచో అచ్చట 'ఊఁ' పడవలసినది. పడినచో 'మినుములు జల్లుకోవచ్చా?' యను అసలు ప్రశ్న వెలువడవలసినది. యంత్రము పలుకలేదు. అది వినుచున్నదో లేదోయని ఆమె నావైపు తిరిగినది; ఆమె మౌనమును వాక్యసమాప్తిగా నెంచి యంత్రము బదులు చెప్ప నారంభించినది. తెరమీద పడిన వాక్యము ఇది: 'వరి కోసిన కయ్యంలో ఇంకా పదును ఉండదు.' దానికి వచ్చిన ఉత్తరము తగవులను గూర్చినది: కోపము తగ్గించుకొని, ఎదుటివారితో నెమ్మదిగా మాటలాడుమని మృదువైన కంఠముతో సలహా. పెద్దమ్మ ముఖము చిన్నబోయినది.

"నేనెవురితో కయ్యం బెట్టుకున్నా నాయనా? ఎవురు జెప్పినారు దీనికి?"

ఆ సాయంకాలము ఆ ప్రశ్నకు నేను సమాధానము చెప్పలేకపోతిని. తరువాత చదివి, తెలిసినవారినడిగి, నాకు నేనుగా పరీక్షించి గ్రహించినంత ఇచ్చట చెప్పెదను.

'కయ్య' యనునది మా సీమలో వరిమడికి పేరు. పుస్తకములలోను, వార్తలలోను, సినిమా మాటలలోను తరచు వినబడునది 'కయ్యము'. ఏ యంత్రమైనను తాను ఎక్కువసార్లు వినినదానివైపే మ్రొగ్గును గనుక, ఇది పెద్దమ్మ మాటకు చివర నొక సున్నను తానే చేర్చుకొన్నది. అంతకంటె పెద్దతప్పు 'ఉండాది' యను చోట జరిగినది. 'వాడుండాడు', 'నేనుండా', 'నీళ్లుండాయి' అని నెల్లూరు మొదలుకొని రాయలసీమవరకు జనము నిత్యము పలుకుదురు; 'ఉన్నది' యనుటకు వారి రూపము 'ఉండాది'. కృష్ణా గోదావరి తీరముల పలుకుబడిలోను, పత్రికాభాషలోను పెరిగిన యంత్రమునకు ఆ రూపముతో పరిచయము లేదు. దానికి తెలిసినవానిలో అతిసమీపముగా ధ్వనించునది 'ఉండదు'. నడుమ నొక దీర్ఘము, చివర నొక అచ్చు, కాలములో కొలిచినచో కన్నుమూసి తెరచునంతటి భేదము. దానివలన ఉన్నది కాస్త లేకపోయినది. వరి కోసిన నేలలో మిగిలిన తేమయే మినుమునకును పెసరకును ఆధారమగు చోట, పదునున్నదా లేదాయను దానిమీద విత్తుట విత్తకుండుట నిలిచియున్నది. ఆ దీర్ఘమునకు ఒక పంట వెల.

ఈ విద్యకు పునాదులు వేసినవారిలో ముఖ్యుడొకరు ఈ దక్షిణపు తెలుగు నడుమనే పుట్టినవారగుట తలచుకొన్నప్పుడెల్ల నాకు సంతోషమును, దానితోపాటు కొంత కొరతయు కలుగును. శ్రీకాళహస్తి దాపుననున్న కాటూరు గ్రామమున 1937 జూన్ 13న జన్మించిన రాజగోపాల రెడ్డిని లోకము రాజ్ రెడ్డియని యెరుగును. గిండీ ఇంజనీరింగు కళాశాలలో 1958లో పట్టము పొంది, ఆస్ట్రేలియాకు పోయి పై చదువు చదివి, కొంతకాలము ఐబీఎమ్ సంస్థలో పనిచేసి, స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయములో జాన్ మెకార్తీ వద్ద శిష్యుడై 1966లో ఆయన డాక్టరేటు నందెను. మాటవలన పుట్టు తరంగమును నేరుగా పరిశీలించి, కంప్యూటరుచేత మాటను గుర్తింపజేయుటయే ఆ సిద్ధాంతవ్యాసమునకు విషయము.

అంతకు మునుపును ప్రయత్నములు లేకపోలేదు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1952లో నిర్మింపబడిన 'ఆడ్రీ' యను యంత్రము సున్న మొదలు తొమ్మిదివరకు అంకెలను గుర్తించెడిది. ఐబీఎమ్ వారు 1962లో ప్రదర్శించిన 'షూబాక్స్' పదునారు మాటలను గ్రహించెడిది. కాని వాటియెదుట మాటకు మాటకు నడుమ ఆగి, విడివిడిగా పలుకవలసియుండెను. మనుష్యులట్లు మాటలాడరు, వారి మాట ఏరువలె పారును, పదములు ఒండొంటిలో కలిసిపోవును. పారుచున్న మాటనే పట్టుకొనవలెనని రాజ్ రెడ్డి పూనిక. 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చేరిన తరువాత ఆయనయు సహచరులును 'హియర్‌సే' యను వ్యవస్థను నిర్మించిరి. దాని తొలిరూపము నోటితో చెప్పిన చదరంగపు ఎత్తులను గ్రహించి ఆడెడిది.

దాని రెండవ రూపమున నున్న యూహ మన పల్లెల రచ్చబండను తలపించును. ధ్వనులు తెలిసిన భాగమొకటి, పదములు తెలిసినదొకటి, వాక్యనిర్మాణము తెలిసినదొకటి, సందర్భము తెలిసినదొకటి, ఇవన్నియు ఒక నల్లబల్ల చుట్టు కూర్చున్న పెద్దలవలె, ఎవరికి తోచిన ఊహను వారు ఆ బల్లమీద వ్రాయుచు, ఒకరి వ్రాతను ఒకరు చూచి దిద్దుచు, తుదకు ఒక్క నిర్ణయమునకు వచ్చును. ఎవరును ఒంటరిగా సర్వజ్ఞులు కారు. 'ఇది కయ్యమని వినబడుచున్నది గాని, వరికోత మాటతో అది పొసగదే' యని సందర్భము తెలిసిన పెద్ద ఆక్షేపించుటకు అచ్చట చోటు కలదు. పెద్దమ్మ ప్రశ్నకు ఆనాడు కావలసియుండినది సరిగా ఆ ఆక్షేపణమే.

1976 నాటికి ఆ విశ్వవిద్యాలయములోనే సిద్ధమైన 'హార్పీ' 1,011 మాటలను గుర్తించెను. రాజ్ రెడ్డి శిష్యులలో జేమ్స్ బేకరు సంభావ్యతా గణితమును ఈ పనిలో ప్రయోగించి 'డ్రాగన్' వ్యవస్థను కట్టెను. ఆ పేరుతోనే తరువాత 1997లో, ఆగకుండ చెప్పినదానిని వ్రాయు సాఫ్ట్‌వేరు విపణిలోనికి వచ్చెను. మరియొక శిష్యుడు కై-ఫూ లీ 1980ల తుదిలో నిర్మించిన 'స్ఫింక్స్', ఫలానావారి గొంతు అని నియమము లేక, ఎవరు మాటలాడినను గ్రహింపజాలెను. కృత్రిమ మేధలో బృహద్వ్యవస్థలను నిర్మించినందులకు 1994 సంవత్సరపు ట్యూరింగు పురస్కారమును ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తోపాటు రాజ్ రెడ్డి అందుకొనెను. కొరతయని నేనన్నది ఇదియే: ఈ ప్రయాణమంతయు ఇంగ్లీషు వినుటకు సాగినది. కాటూరులోను చేజర్లలోను పలుకు మాటలవైపు అది వచ్చుటకు మరి యెన్నో యేండ్లు పట్టినది.

ఇప్పటి యంత్రము వినుట ఎట్టిదో కొంత చెప్పవలెను. మన మాట గాలిలో ఒక కదలిక. ఫోనులోని మైకు ఆ కదలికను సాధారణముగా సెకనునకు 16,000 సార్లు కొలిచి అంకెలుగా మార్చును. ఆ యంకెల ప్రవాహమును సెకనులో నలువదవ వంతంత చిన్న ముక్కలుగా, ఒకదానిపై నొకటి కొంత పొరలునట్లు కోసి, ఒక్కొక్క ముక్కలో ఏ స్థాయి నాదము ఎంత పాలున్నదో చూచును. 'అ' కారమున కొక పోలిక, 'స' కారమున కొక పోలిక యుండును. గొంతులు వేరైనను ఆ పోలికలలో కొంత సామ్యము మిగులును. అచ్చటనుండి ఊహ పని మొదలగును. ఎడ్లబండి చప్పుడు, మోటారు మ్రోత, ప్రక్కింటి టీవీ, ఇవన్నియు మాటతో కలిసి వచ్చును గనుక యంత్రమునకు దొరుకునది ఎప్పుడును సగము మాటయే. 2020లో మా చేజర్ల మండలములోనే, పెరుమాళ్లపాడు వద్ద పెన్న యిసుకలో పూడియుండిన నాగేశ్వరాలయమును ఊరివారు త్రవ్వి పైకి తీసిరి. పైభాగము కొంత కనబడినంతనే, క్రింద గోడ యెటు పోవునో, వాకిలి యెచ్చట నుండునో వారు తెలియగలిగిరన్నచో, అంతకు మునుపు అట్టి గుళ్లను ఎన్నింటినో వారు చూచియున్నందువలననే. యంత్రమును వినబడిన కొనను పట్టుకొని వినబడని దానిని ఊహించును. ఆ యూహకు బలము, అది ముందు వినియున్న లక్షల వాక్యములనుండి వచ్చును. అది యెన్నడును చూడని గుడి యిసుకలో నున్నచో, తనకు తెలిసిన గుడినే అచ్చట కట్టివేయును.

కనుక అది ఎవరి మాట విని పెరిగినదను ప్రశ్న తక్కిన ప్రశ్నలన్నిటికంటె ముఖ్యమైనది. 2022లో ఒక అమెరికా సంస్థ విడుదల చేసిన 'విస్పర్' అను వ్యవస్థ 6 లక్షల 80 వేల గంటల మాటను విని నేర్చినది. అందులో చాలభాగము ఇంగ్లీషు, తెలుగు వంతు మిక్కిలి స్వల్పము. 2011 జనాభా లెక్కలలో తెలుగును మాతృభాషగా చెప్పినవారు మన దేశమున 8 కోట్ల పైచిలుకు. ఆ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారికి పెద్దమ్మ ప్రశ్న ఎందుకు తప్పిపోయినదో వేరుగా చెప్పనక్కరలేదు.

పైగా తెలుగు స్వభావము వేరు. ఇంగ్లీషులో అయిదారు పదములలో చెప్పుదానిని మనము 'వచ్చేస్తున్నాడంటున్నారు' అని ఒక్క పదముగా అల్లుదుము. ఒక్క క్రియకు వేలకొలది రూపములు పుట్టును. యంత్రము ఎంత పెద్ద నిఘంటువును పెట్టుకొన్నను అందులో లేని రూపము రేపు ఎవరి నోటనైనను వచ్చును. సంధిలో అచ్చులు లోపించును; 'కల'కును 'కళ'కును భేదము పలుకువారి నాలుకమీద ఒక్కొక్కప్పుడు మాసిపోవును; వాక్యము నడుమ ఇంగ్లీషు మాటలు వచ్చి తెలుగు విభక్తిని తగిలించుకొనును. ఈ చిక్కులను ఎదుర్కొనుచు మనవారు చాలకాలముగా కృషి చేయుచున్నారు. చెన్నపురి ఐఐటీలోను, పిదప హైదరాబాదు ట్రిపుల్ ఐటీలోను ఆచార్య బి. యజ్ఞనారాయణ తీర్చిన శిష్యులు దేశమంతట ధ్వనిశాస్త్రమును సాగించుచున్నారు. ప్రపంచములోని వాక్‌శాస్త్రజ్ఞులు సమావేశమగు 'ఇంటర్‌స్పీచ్' మహాసభ 2018 సెప్టెంబరులో హైదరాబాదులోనే జరిగినది. ఆ సందర్భమున తెలుగు, తమిళము, గుజరాతీలకు ఒక్కొక్కదానికి సుమారు 50 గంటల ధ్వనిని పరిశోధకులకిచ్చి పోటీ నడపిరి. అంతకు ముందటి సంవత్సరము, 2017 ఆగస్టులో, గూగుల్ వారి వాగ్లేఖనములో తెలుగు చేరినది.

ఇచ్చట ఒక పాత పుస్తకమును తలపక పోజాలను. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రకటించిన 'మాండలిక వృత్తి పదకోశము' మొదటి సంపుటములో, ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ పదములను జిల్లాల వారీగా సేకరింపించి కూర్చెను. ప్రశ్నావళులు పట్టుకొని పల్లెలకు పోయి, నాగలి భాగములను, నేలల రకములను, కోత నూర్పిళ్లను రైతులే చూపి చెప్పగా విని వ్రాసికొన్న మాటలవి. ఏ మాట యెచ్చట చెల్లునో తేల్చి, తెలుగునేలను భాషను బట్టి నాలుగు మండలములుగా విభజించి, నెల్లూరును రాయలసీమతో కలిపి దక్షిణ మండలమున చేర్చిరి. ఆనాడు అక్షరములలో జరిగిన ఆ పనియే నేడు గొంతులతో జరుగవలసియున్నది. ఒకప్పుడు పండితులు 'కయ్య' యని వ్రాసికొన్నచో చాలును. యంత్రమునకు ఆ మాటను వృద్ధులు, పిల్లలు, జలుబు చేసినవారు, పండ్లూడినవారు, కోపమున్నవారు పలుకగా వేలసార్లు వినిపింపవలెను.

ఆ పని ఆరంభమైనది. భారత ప్రభుత్వము 2022 జులైలో వెలువరించిన 'భాషిణి' యందు 'భాషాదాన్' అను ఏర్పాటు కలదు; దానిలో ఎవరైనను తమ గొంతును ఇయ్యవచ్చును. చెన్నపురి ఐఐటీలోని 'ఏఐ4భారత్' బృందము 2024లో ప్రకటించిన 'ఇండిక్‌వాయిసెస్' అను సంచయములో 22 భాషలకు చెందిన 7,348 గంటల మాట, 145 జిల్లాలనుండి 16,237 మంది గొంతులు ఉన్నవి. అందు నన్ను ఆకర్షించినది సంఖ్య కాదు: ఆ మాటలో అత్యధికభాగము కాగితము చూచి చదివినది కాక, జనము తమంత తాము మాటలాడినది. కాగితము చూచి చదువునప్పుడు చేజర్లవాడైనను 'ఉన్నది' యనియే చదువును. 'ఉండాది' కావలెనన్నచో వానిని వాని పొలమును గూర్చి మాటలాడనీయవలెను.

నేను వ్రాయుచున్న ఈ ఫణితి యెడల నాకు గల ప్రేమ ఈ పుటలలో దాగదు. అయినను యంత్రమునకు గురువు కావలసినది ఈ భాష కాదని నేను దృఢముగా నమ్ముచున్నాను. ఈ వ్యాసములోని కొన్ని వాక్యములను దానియెదుట చదివి చూడగా, 'యున్నది', 'వలెను' అనువానిని అది నేటి పత్రికల రూపములలోనికి మార్చి వ్రాసినది. దానికి తెలిసినది గ్రాంథికమును కాదు, చేజర్లయును కాదు. నడుమనున్న యొక్క పలుకుబడి మాత్రమే. జనుల వాడుకయే భాషకు ప్రాణమని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు, సవరల కొండలలో తిరిగి, వారి మాటను చెవితో విని వ్రాసికొని, 1931లో ఆ భాషకు వ్యాకరణమును వెలువరించెను. ఆ యడవులలో మలేరియా సోకి, దానికి తిన్న క్వినైను వలన ఆయనకు చెవుడు వచ్చినదని చెప్పుదురు. లిపియే లేని జనుల పలుకును అట్లు విని నిలిపిన యొకరిని ఎరిగిన జాతికి, తన పల్లెల మాటను యంత్రమునకు వినిపించుట అసాధ్యమైన పని కాదు.

ఇక సహాయకి రెండవ సగము: వినిన తరువాత బదులు చెప్పుట. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ వ్రాసిన 'ఎలిజా' మనము టైపు చేసిన వాక్యములోని మాటలనే త్రిప్పి ప్రశ్నగా ఇచ్చెడిది. అంతకు మించి దానికేమియు తెలియదు. 2011లో వచ్చిన 'సిరి'యును, ఆ తరువాతి సహాయకులును ముందుగా ఏర్పరచిన పనులను చేసిపెట్టెడివి. 2022 నవంబరులో 'చాట్‌జీపీటీ' వెలువడిన పిమ్మట వచ్చినవి అట్టివి కావు. అపారమైన గ్రంథరాశిని చదివి, ఏ మాట తరువాత ఏ మాట యుచితమో నేర్చి, సంభాషణను ముందువెనుకలు మరువక సాగింపగలవు. 2024 అక్టోబరులో 'జెమినై లైవ్' తెలుగులో మాటలాడ నారంభించెను. రైతులకు పీఎం కిసాన్ విషయములు చెప్పుటకై 2023లో వచ్చిన 'కిసాన్ ఇ-మిత్ర' యందును తరువాత తెలుగు చేరినది. మన రాష్ట్రప్రభుత్వము 2025 జనవరి 30న వాట్సాప్‌లో తెరచిన 'మన మిత్ర' 161 సేవలతో మొదలైనది. 2011 లెక్కలలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యులు నూటికి ఇంచుమించు 69. మిగిలినవారిలో ఒకరైన మా పెద్దమ్మవంటివారికి ఈ సేవలన్నిటికి వాకిలి అక్షరము కాదు, గొంతు.

మాటను సరిగా విన్నంత మాత్రమున భావము తెలియదు. నిమ్మతోటలకు వచ్చు ఒక తెగులును మావారు గజ్జి యందురు. "గజ్జి తగ్గాలంటే ఏం జేయాల?" అని నేనొకసారి అడుగగా, సహాయకి ప్రతి యక్షరమును తప్పులేక వ్రాసి, చర్మవైద్యునివద్దకు పొమ్మనెను. 'నిమ్మచెట్టు'ను చేర్చి అడిగిన తరువాతనే ఆకులను గూర్చి, కొమ్మలను గూర్చి మాటలాడినది. మరియొకసారి చేజర్ల విశేషములను చెప్పుమనగా, పల్నాటిలోని చేజర్లను, అచ్చటి కపోతేశ్వరాలయమును మనోహరముగా వర్ణించినది. చెప్పినది సత్యమే, ఊరు వేరు. అందువలన మొదటనే 'నేను నెల్లూరు జిల్లా చేజర్లనుండి మాట్లాడుతుండా, వరి, నిమ్మ పెడతాం' అని తెలుపుట మిక్కిలి యుపయోగము. రచ్చబండలో సందర్భము తెలిసిన పెద్దను కూర్చుండబెట్టుట యనగా ఇదియే. ఆ ఒక్క మాటతో తరువాతి 'కయ్యం' తనంతట 'కయ్య'గా దిద్దుకొనుట నేను చూచితిని.

ఇంకొక జాగ్రత్త అవశ్యము. తెలియనిచోట 'తెలియద'నుట ఈ సహాయకులు ఇంకను పూర్తిగా నేర్వలేదు. తెలిసినప్పుడు ఎంత ధీమాతో చెప్పునో తెలియనప్పుడును అంత ధీమాతోనే చెప్పును. మందు ఎకరమునకు ఎంత, నీటిలో ఎంత కలుపవలెను అను లెక్కలను దాని నోట విని పొలమునకు పోరాదు. రైతు సేవా కేంద్రములో అడిగి సరిచూచుకొనవలెను. బ్యాంకు రహస్య సంఖ్యలను, ఫోనుకు వచ్చు ఓటీపీలను దానితో చెప్పరాదు. మన గొంతు ఫోనులోనే నిలువక, చాలమారులు దూరమునందున్న కంప్యూటర్లకు పోయి వచ్చును. ఉదయగిరి కొండల వెనుక సిగ్నలు అందనిచోట బదులు రాకపోవుటకు కారణమును అదియే.

అక్షరములను విడదీసి పలుకుట, పదమునకు పదమునకు నడుమ ఆగుట ఇప్పటి యంత్రములకు సహాయము కాదు, ఆటంకము. వాక్యమంతయు ఒక్క యూపిరిలో సహజముగా చెప్పినప్పుడే ముందువెనుకలను బట్టి అది బాగుగా ఊహించును. కాని వృద్ధులు అట్లు చెప్పరు, చెప్పనేల? తలచుకొనుచు, నిలుచుచు, వెనుకకు పోయి మరల వచ్చుచు మాటలాడుట వారి హక్కు. మౌనము ఎంతసేపున్నచో మాట ముగిసినట్లు లెక్క యనునది యంత్రమును కట్టినవారు పెట్టిన కొలత. ఆ కొలతను పెంచవచ్చును. నన్నడిగినచో, తెలుగు సహాయకి మొట్టమొదట నేర్వవలసిన విద్య ఊకొట్టుట. అది నేర్చిననాడు చెప్పువారి తడబాటు సగము తీరును. రెండవ విద్య తిరిగి అడుగుట. తప్పుగా వినుట మనుష్యులకును కలదు. మన అరుగులమీద ఆ తప్పు నిలువకుండుటకు కారణము మన చెవుల సూక్ష్మత కాదు, 'ఏందీ? పదునుండాదా, లేదా?' అని వెంటనే అడుగు అలవాటు.

ఊరు విడుచుటకు ముందునాటి సాయంకాలము నేనే ఫోను తీసికొని, సహాయకికి ముందుగా కొన్ని మాటలు చెప్పితిని. 'కయ్య యనగా వరిమడి. ఉండాది యనగా ఉన్నది. నేల సంగతి వచ్చినప్పుడు పదును అనగా తేమ. సందేహమున్నచో బదులు చెప్పక ముందు అడుగుము' అని. తరువాత పెద్దమ్మ చేతికిచ్చి, ప్రక్కనే కూర్చుంటిని. ఆమె మొదలుపెట్టినది. నిలిచినచోటనెల్ల నేను 'ఊఁ' అంటిని. ఆ యాసరాతో ఆమె కోతలను గూర్చి, ఈ యేటి గింజను గూర్చి, ఉత్తరపు కయ్య గనిమను, అనగా గట్టును, గూర్చి చెప్పి, తుదకు మినుముల మాటకు వచ్చినది. తెరమీది వాక్యములలో తప్పులు లేకపోలేదు. నా 'ఊఁ'లు సైతము నడుమ నడుమ అక్షరములై పడినవి. సహాయకి బదులుగా మొదట నొక ప్రశ్న వేసినది: "కయ్యలో ఇప్పుడు తేమ ఉందనే కదా మీరు చెప్పారు?"

పెద్దమ్మ తల పైకెత్తి నావైపు చూచి, మరల ఫోనువైపు వంగినది.

"ఆఁ, ఉండాది. అదే గదా నేను జెప్పేది. ఆ మూల మాత్రం కాస్త ఎండింది, ఇనబడిందా..."

"ఊఁ" అంటిని.